చీమ మునిగిన పాలు

అయినా ఆ చీమ పాలలో పడ్డాక చచ్చిందా, పడకముందే అత్త వేళ్ల మధ్య నలిగి చచ్చిందా అన్నది ఎవరూ చూడలేదు. చూడవలసిన మనిషి కనకవ్వే. కానీ ఆ వేళ ఆమె కళ్లు గిన్నె మీద లేవు, అత్త ముఖం మీద ఉన్నాయి. ఆ ముఖంలో రంగు మారగానే చీమ చచ్చిందని నమ్మేసింది. ఇన్నేళ్లకు, కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో, పక్కన నిండు కడుపుతో కూతురు కూర్చుని ఉండగా ఈ సందేహం ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు. మనసు ఇంతకాలం దాన్ని ఏ మూల దాచిందో, ఇప్పుడు తీసి ఎందుకు చేతిలో పెట్టిందో.

"ఏందమ్మా, పెదాలు కదులుతున్నయి. దేవునికి మొక్కుతున్నవా?" అన్నది శ్రీజ.

"బీడీలు చేసేటోళ్లకు చేతులు ఖాళీగుంటే నోరు తిరుగుతది" అన్నది కనకవ్వ.

శ్రీజ నవ్వి కిటికీ వైపు తిరిగింది. రోడ్డు పక్కన ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. బస్సులోకి కూడా ఆ వాసన వస్తోంది.

శ్రీజను సిరిసిల్లకు ఇచ్చారు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. అవి మొరాయిస్తే బాగుచేసే పని అల్లుడు శ్రవణ్‌ది. తొలి కాన్పు కనుక శ్రీజ పుట్టింటికి వచ్చింది. వచ్చేటప్పుడు శ్రవణ్ మెత్తటి ముక్కలు ఏరి కుట్టించిన పొత్తిగుడ్డలు తెచ్చుకుంది. వాటితో పాటు ఒక పాలపొడి డబ్బా తెచ్చుకుంది. ఆ డబ్బా విషయంలో ఆమెకు దాపరికమేమీ లేదు. చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పేది: "మా అమ్మకు పాలు రాలే గదా, నాకు గూడ రావు. అందుకే ముందుగాలనే తెచ్చిపెట్టుకున్న." తల్లి పొట్టిదైతే కూతురూ పొట్టిదవుతుంది అన్నట్లు, అంత మామూలుగా. ఆ మాట విన్న ప్రతిసారీ కనకవ్వ ఏదో పని ఉన్నట్లు లేచి లోపలికి పోయేది. లోపల పనేమీ ఉండేది కాదు. పొయ్యి దగ్గర నిలబడి, చేతులు చూసుకుని, మళ్లీ బయటికి వచ్చేది.

ఎందుకంటే పాలు రాలేదన్నది అబద్ధం.

శ్రీజ పుట్టిన పూటనే పాలు వచ్చాయి. కొన్ని చుక్కలే, చిక్కగా, పసుపు కలిపినట్లు. అత్త ఎల్లవ్వ ఇత్తడి గిన్నె తెచ్చి అందులోకి పిండమన్నది. గోడ మీద పాకుతున్న చీమను రెండు వేళ్లతో పట్టి గిన్నెలో వేసింది. చీమ బతికితే పాలు మంచివి, చస్తే చెడ్డవి.

ఎల్లవ్వ దుర్మార్గురాలు కాదు. అంతకు ముందు పెద్దకొడుకు బిడ్డ పురిటిలోనే పోయింది. ఆ పసిదానికి కుట్టించిన టోపీని ఆమె పెట్టె అడుగున దాచుకున్నది. ఆ చావుకు ఎవరూ ఆమెకు కారణం చెప్పలేదు. తల్లి పాలలో విషం ఉందనుకుంటే, కనీసం ఈసారి ఆ విషాన్ని ముందుగానే పట్టుకోవచ్చు. భయంతో ఉన్న మనిషికి చేతికి చిక్కే పరీక్ష ఒకటి కావాలి. ఆమెకు చీమ దొరికింది. ఇదంతా కనకవ్వకు చాలా ఏళ్ల తర్వాత, ఎల్లవ్వ కూడా పోయాక, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకులు కత్తిరిస్తూ ఉన్నప్పుడు మెల్లమెల్లగా అర్థమైంది. ఆ పూట మాత్రం ఒక్కటే అర్థమైంది. తన ఒంట్లో నుంచి వచ్చేది తన బిడ్డను చంపుతుంది.

"ఎవలన్న అడిగితే పాలు రాలేదని చెప్పు" అన్నది ఎల్లవ్వ, తలుపు దగ్గరికి వేసి. "గది చాలు. ఈ ముచ్చట మన నడుమనే ఉండనియ్యి."

అది ఆమె చూపగలిగిన దయ. కనకవ్వ దాన్ని దయగానే తీసుకుంది. పాలు రాని ఆడదాన్ని జనం అయ్యో అంటారు. పాలలో విషం ఉన్నదాన్ని ఏమంటారో ఊహించడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

గోడ అవతలి ఇల్లు గులాం నబీది. ఆయన భార్య సయీదా బేగం అప్పటికి తన కూతురు బుష్రాకు పాలిస్తోంది. శ్రీజ గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరూ పిలవకుండానే వచ్చి, "ఇటియ్యి పోరిని" అని ఒళ్లోకి తీసుకుంది. ఒక పక్క బుష్రా, ఒక పక్క శ్రీజ. ఎదురుగా గోడకు ఆనుకుని కనకవ్వ. బిడ్డ గుటక వేసిన చప్పుడు వినపడగానే ఆమె రొమ్ములో ఏదో జివ్వుమని దిగేది. కొంగు కింద రైక వెచ్చగా తడిసేది. ఆమె కొంగును ఇంకా దగ్గరికి లాక్కునేది. తన ఒళ్లే తన మీద చాడీ చెబుతున్నట్లు, నలుగురిలో తనను పట్టివ్వాలని చూస్తున్నట్లు అనిపించేది. కొన్నాళ్లకు ఆ ఒళ్లు కూడా అలసిపోయి ఊరుకున్నది. ఆ తర్వాత అబద్ధం చెప్పవలసిన అవసరం లేకుండా పోయింది. పాలు నిజంగానే లేవు.

"దిగుదాం పద" అన్నది శ్రీజ. "బుష్రా ఎదురుచూస్తుంటది."

జగిత్యాల దవాఖాన మేడ మీది గదిలో తొలిచూలు వాళ్లకు వారం వారం పాలు పట్టడం గురించి చెబుతారు. చెప్పేది బుష్రానే. నర్సు చదివి అక్కడే పనిచేస్తోంది. శ్రీజను ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు, "మా పాల చెల్లె" అంటుంది. ఈ తరగతికి రమ్మని ఫోన్ చేసినప్పుడు కూడా గట్టిగా చెప్పింది: "నువ్వొక్కదానివే రాకు. పెద్దమ్మను తీస్కరా. పాలిచ్చేది నువ్వే గని, ఇంట్ల మాట నడిచేది పెద్దమ్మది."

గదిలో చాపలు పరిచి ఉన్నాయి. ముందు కడుపుతో ఉన్న ఆడపిల్లలు, వెనక గోడవార వాళ్ల తల్లులు, అత్తలు. బుష్రా మధ్యలో మఠం వేసుకుని కూర్చుంది. తువ్వాలతో చేసిన పసిపిల్ల బొమ్మ ఆమె ఒళ్లో ఉంది. కనకవ్వ ఆమెనే చూస్తూ కూర్చుంది. ఈ చేతులు ఒకప్పుడు సయీదా జుట్టు పట్టుకుని వదలని చేతులు. ఇప్పుడు ఎంత నిదానంగా ఉన్నాయి! ఎవరైనా ఏదైనా అడిగితే ఈ పిల్ల వెంటనే జవాబు చెప్పదు. అడిగినామెనే తిరిగి ఒక ప్రశ్న వేస్తుంది, వేసి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం కనకవ్వకు కొత్తగా ఉంది. తన బతుకులో ఏదైనా చెప్పిన వాళ్లంతా చెప్పేసి లేచిపోయిన వాళ్లే.

"మొగిలవ్వా, పిల్ల పుట్టినంక మొదటి పాలు మీరేం జేస్తరు?" అని అడిగింది బుష్రా.

మొగిలవ్వది పెగడపల్లి. కోడలు అనూషను వెంటబెట్టుకుని వచ్చింది. ఎదురు మాట్లాడటానికే వచ్చినట్లు కూర్చుని ఉంది.

"గోడకు పిండుతం. గవి పాలా ఏంది? పచ్చగ, చీము లెక్కుంటయి."

"మీ ఇంట్ల బర్రె ఉన్నదా?"

"రెండున్నయి."

"బర్రె ఈనితే మొదటి పాలు గోడకు పిండుతవా?"

"నీకేమన్న పిచ్చా? జున్ను జేస్త."

"ఎవలెవలకు పెడ్తవ్?"

"వాడకట్టంత పంచుత. మొన్న ఈనితే మా కోడలికి గిన్నెడు పెట్టిన. అడుగు, గా ఉన్నది."

"నిజమేనక్కా, పెట్టింది" అన్నది అనూష, నవ్వు ఆపుకుంటూ.

"కోడలికేమో బర్రె జున్ను పెట్టినవ్. పుట్టేదానికి తల్లి జున్ను దక్కనియ్యక గోడకు పెడ్తనంటవ్. గోడ నీకు మనుమరాలైతదా మొగిలవ్వా?"

గది అంతా ఘొల్లుమన్నది. మొగిలవ్వ కూడా నవ్వింది. "ఈ పోరి నోరు కచేరీల వకీలుకు గూడ లేదుల్లా!" అని కోడలి వీపు మీద ఒకటి వేసింది. "సరే తియ్యి. గోడకు పిండ. కని గన్ని చుక్కలతోని పిల్ల కడుపు నిండుతదా?"

బుష్రా సంచిలో నుంచి చిన్న రేగుపండు తీసి మొగిలవ్వ అరచేతిలో పెట్టింది. "పుట్టినప్పుడు పిల్ల కడుపు గింత. గింత కడుపుకు ఎన్ని పాలు గావాలె?" మొగిలవ్వ ఆ పండును అటూ ఇటూ తిప్పి చూసి పక్కామెకు ఇచ్చింది. పండు చేతులు మారుతూ గది చుట్టూ తిరిగింది.

తర్వాత బొమ్మను చూపించింది. పుట్టగానే బిడ్డను బట్ట లేకుండా తల్లి గుండెల మీద పడుకోబెట్టాలన్నది. తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం వద్దన్నది. ఆపరేషన్ అయినా పాలు పట్టవచ్చన్నది. "ఇగ పట్టేటప్పుడు చూడుండ్రి. తల వెనక చెయ్యి వెట్టి నెట్టద్దు. నిన్నెవలన్న మెడలు వంచి పళ్లెంల మొహం పెడ్తే తింటవా? మెడ కింద, భుజాల కింద చెయ్యి. పిల్ల ముక్కు చనుమొనకు ఎదురుంగ రావాలె. నోరు పెద్దగ తెరిచేదాక ఆగాలె. తెరవంగనే దగ్గరికి తేవాలె. ముందుగాల గడ్డం తాకాలె. మొన ఒక్కటే కాదు, చుట్టున్న నలుపు గూడ నోట్లెకు పోవాలె."

"అన్ని పనులు ఒక్కపారే ఎట్లనక్కా?" అన్నది అనూష.

"సైకిల్ నేర్చుకున్నప్పుడు ఎట్ల చేసినవో గట్లనే. పది పార్లు పడ్తవ్. పడనియ్యి."

బొమ్మను అందరూ ఒకసారి పట్టి చూడాలి. తల్లులూ అత్తలూ కూడా. శ్రీజ శ్రద్ధగా పట్టుకుంది, బుష్రా మోచెయ్యి సర్దింది. బొమ్మ కనకవ్వ దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు చాపలేదు.

"నా చేతులకు తంబాకు వాసన బిడ్డా. మొగిలవ్వకియ్యి."

"బొమ్మకేమైతది పెద్దమ్మా?" అని నవ్వింది బుష్రా. బలవంతం మాత్రం చేయలేదు. అందరి వైపు తిరిగి చెప్పింది: "మనల చానమంది బీడీలు చేసేటోళ్లే. చాట పక్కన పెట్టి, సబ్బుతోని మోచేతులదాక కడుక్కొని, పై బట్ట మార్చుకొని పిల్లను పట్టుకోవాలె. తంబాకు ఉన్న గదిల పిల్లను పండవెట్టద్దు. గంతే. బీడీలు చేస్తున్నమని పాలు ఆపద్దు."

అప్పుడు శ్రీజ చెయ్యి ఎత్తింది. "మా అమ్మకు పాలు రాలే. మరి నాకు వస్తయా?"

తలలన్నీ కనకవ్వ వైపు తిరిగాయి. ఆ చూపుల్లో ఉన్నది జాలే. ఏళ్ల తరబడి ఆమె దాని చాటునే తలదాచుకుంది. ఈ గదిలో మాత్రం అది ఇరుకు రైకలా ఒత్తుకుంటోంది.

"వస్తయి" అన్నది బుష్రా. "మొత్తానికే రానోళ్లు చాన తక్కువ. తల్లికి రాలేదని బిడ్డకు రావని ఏం లేదు. పిల్ల గుంజినకొద్ది ఒంటికి తెలుస్తది, ఇంక కావాలె అని. గుంజనియ్యకపోతే ఒళ్లు ఏమనుకుంటది? ఎవలకు అక్కెర లేదనుకొని ఊకుంటది."

ఎవరికీ అక్కర లేదనుకుని ఊరుకుంటుంది. కనకవ్వ ఆ మాటను లోపల మళ్లీ ఒకసారి అనుకుంది. ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్న తన పాత శరీరం కళ్ల ముందుకొచ్చింది. చాడీ చెబుతోందని తాను ఎంత తిట్టుకుంది దాన్ని! అది చెప్పాలనుకున్నది చాడీ కాదేమో. బిడ్డ ఏడుస్తోంది, నేను ఉన్నాను అని చెప్పిందేమో. వినే వాళ్లు లేక, చెప్పీ చెప్పీ...

"బుష్రా" అన్నది కనకవ్వ. "చీమ... చీమ వేసి చూస్తరు గదా. పాలల్ల. చస్తే?"

శ్రీజ వెనక్కి తిరిగి చూసింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బుష్రా నవ్వలేదు. నవ్వినామె వైపు చూడను కూడా లేదు.

"మా అమ్మగారింట్ల గూడ చేసేటోళ్లు" అన్నది మొగిలవ్వ, ఈసారి గొంతు తగ్గించి. "చస్తే ఆ పాలు ఇయ్యకపోయేది."

"చీమ ఇంకా దేంట్ల పడి సస్తది పెద్దమ్మా?" అని అడిగింది బుష్రా. అడిగి, ఎప్పటిలాగే ఊరుకుంది.

దేంట్లో? కనకవ్వ వెతుక్కుంది. నిజానికి వెతకవలసిన పని లేదు. అది ఇన్నాళ్లూ పక్క గదిలోనే ఉంది, మధ్యలో తలుపు మాత్రం తీయలేదు. వాళ్లది తాళ్లెక్కే ఇల్లు. ఇప్పుడు ఆటో తోలుతున్న భర్త రాజనర్సు అప్పట్లో పొద్దున్నే తాడి చెట్ల మీద నుంచి కల్లు కుండలు, లొట్లు, దించి తెచ్చేవాడు. ఏ లొట్టి చూసినా పైన నల్లగా తేలుతూ చీమలు, తేనెటీగలు. ఎల్లవ్వ రోజూ వాకిట్లో కూర్చుని, గుడ్డ కట్టి వడగట్టి, చచ్చిన చీమల ముద్దను ఇవతలికి విదిలించి, కల్లు పోసి అమ్మేది. తనకూ ఒక గిన్నె ఉంచుకునేది. ఏ ఒక్కరోజూ ఆ చీమలను చూసి ఆమె ముఖం రంగు మారలేదు.

"కల్లుల" అన్నది కనకవ్వ. "రోజు చచ్చేటియి. గుప్పెడు గుప్పెడు. మా అత్త వడగట్టి పోసేది."

"మరి కల్లు ఇషమా?"

"కల్లు ఇషమే గదా! మా ముసలోన్ని చూస్తే తెలుస్తలేదా?" అన్నది మొగిలవ్వ. గది మళ్లీ నవ్వింది. ఆ నవ్వు కనకవ్వను దాటి పక్క నుంచి పోయింది, తగలలేదు. మొగిలవ్వ కావాలనే అందరి చూపులూ తన వైపు లాక్కుందని ఆమెకు తెలిసింది. కళ్లతోనే ఆ ముసలామెకు దండం పెట్టుకుంది.

"మొదటి పాలు చిక్కగ, బంక లెక్కుంటయి" అన్నది బుష్రా మెల్లగా. "చీమ కాళ్లు అంటుకుంటయి. తేనెల పడ్డా గంతే. అందుల పాల తప్పేం లేదు పెద్దమ్మా. తల్లి తప్పు గూడ లేదు."

తిరుగు బస్సులో శ్రీజ అడిగింది. "ఆ చీమ ముచ్చట ఎవలింట్ల జరిగిందమ్మా?"

"ఎవలింట్లనో."

చెప్పవచ్చు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నప్పుడు, ముఖాలు చూసుకోనవసరం లేనప్పుడు చెప్పడం సులువు కూడా. కానీ చెప్పలేదు. పాలలో విషం ఉన్నన్నాళ్లూ తాను బిడ్డను కాపాడిన తల్లి. ఎవరికీ చెప్పుకోని గర్వం అది, లోపలెక్కడో వెచ్చగా ఉండేది. విషం లేదంటే ఆ గర్వం కూడా పోయింది. ఇక మిగిలిందల్లా ఊరికే తడిసి ఊరికే ఆరిపోయిన రైక. దాన్ని కూతురి ముందు ఎట్లా విప్పి చూపించడం? చెప్పకపోతే మాత్రం ఆ డబ్బా మూత తెరుచుకుంటుంది. తనకు లేవు కనుక తన బిడ్డకూ లేవన్న మాట, మనవరాలే పుడితే, ఆమె దాకా పోతుంది. తన అబద్ధం అప్పుడు మూడో ఇంటికి కాపురానికి పోతుంది.

మర్నాడు సయీదా బేగం గోడ మీదుగా ఖీర్ గిన్నె అందించింది. కీళ్ల నొప్పులతో ఆమె ఇప్పుడు గడప దాటి రావడం తక్కువ.

"నిన్న మా బుష్రా క్లాసుల చీమను గురించి అడిగినవట" అన్నది.

కనకవ్వ గిన్నె పట్టుకుని నిలబడింది.

"నీ రైక నాకు కనవడలేదనుకున్నవా, కనకవ్వా?"

"చూసి గూడ చెప్పకపోతివి ఆపా."

"చెప్పిన. నీకు కాదు, మీ అత్తకు చెప్పిన. కనకవ్వకు పాలు కారుతున్నయి, పిల్లను ఆమెకియ్యి అన్న. మీ అత్త నా చేతులు పట్టుకున్నది. ఇంకొక్క పిల్లను పోగొట్టుకోలేను సయీదా అన్నది. ఆమె కండ్లు చూసినంక నాకు నోరు రాలే." సయీదా గోడకు మోచెయ్యి ఆనించి నవ్వింది. "నీ బిడ్డ మా లావు దొంగ. పండ్లొచ్చినంక గూడ ఇడువలే. కొరికితే ఏడ్చిన. అయినా పోరి మొహం చూస్తే మల్ల ఇచ్చుడే."

ఈ మనిషికి తాను ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పిందా అని కనకవ్వ వెతుక్కుంది. చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆమె ముందు కొంచెం తల దించుకునే నిలబడింది. సయీదా మాత్రం ఒక్క రోజూ పైనుంచి చూడలేదు. ఇచ్చింది, ఇచ్చి మరిచిపోయింది. నాకు నీ బిడ్డ బాకీ అని ఒక్క చూపుతోనైనా అనలేదు.

"శ్రీజకు చెప్పు" అన్నది సయీదా.

"అడిగితే చెప్త."

"ఎట్ల అడుగుతది? అడగనీకి ఏమన్న ఉన్నదని తెలిస్తే గదా."

వారం తిరగకుండానే పొద్దున పూట శ్రీజకు నొప్పులొచ్చాయి. రాజనర్సు ఆటోలోనే జగిత్యాల తీసుకుపోయారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. సిరిసిల్ల నుంచి వచ్చిన శ్రవణ్ బయట వరండాలో మామ పక్కన కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ చూసుకుంటున్నాడు. బుష్రా వచ్చి పసిదాన్ని శ్రీజ గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, మీద గుడ్డ కప్పింది. పక్క గదిలో ఎవరో అరవడంతో, "ఇప్పుడే వస్త, తొందరపడకుండ్రి" అని పరుగెత్తింది.

పసిది కాసేపు ఊరికే పడుకుంది. తర్వాత మెల్లగా తల కదిపింది. నాలుకతో నాకింది. నోటికి మొన తగిలింది, జారింది. మళ్లీ వెతుక్కుంది. మళ్లీ జారింది. ముఖం కందిపోయి, అంత చిన్న గొంతుతో గదంతా నిండేలా ఏడ్చింది. శ్రీజ క్లాసులో చూసినట్లు పట్టుకోవడానికి ప్రయత్నించింది. బొమ్మ ఇట్లా మెలికలు తిరగలేదు, ఇట్లా ఏడవలేదు.

"చూసినవా, నేను ముందే చెప్పిన. రావు నాకు." కళ్ల నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. "డబ్బా తియ్యమ్మా."

కనకవ్వ మంచం కింది సంచి లాగింది. పొత్తిగుడ్డల కింద డబ్బా చేతికి తగిలింది. చల్లగా, గుండ్రంగా. ఆమె దాన్ని పట్టుకుని అట్లాగే వంగి ఉండిపోయింది. ఒక మనిషి తనకు తానే ఎదురై నిలబడినట్లు ఉన్నది. మంచం మీద ఏడుస్తున్నది శ్రీజా, లేక గోడకు ఆనుకుని కొంగు లాక్కుంటున్న ఆ ఇరవై ఏళ్ల పిల్లా? ఆ పిల్లకు ఎవరైనా ఏం చెప్పి ఉంటే బాగుండేది?

డబ్బాను వదిలి నిటారుగా నిలబడింది.

"నాకు వచ్చినయి బిడ్డా."

"ఏంది?"

"పాలు. నాకు పాలు వచ్చినయి. నువ్వు పుట్టిన పూటనే వచ్చినయి."

శ్రీజ ఏడుపు ఆపి చూసింది. పసిది మాత్రం ఆపలేదు.

"ఆ చీమ..." అన్నది శ్రీజ.

"మన ఇంట్లదే. మీ నాయినమ్మ వేసింది. ఆమె భయపడ్డది, నేను గూడ భయపడ్డ. పాలు రాలేదని అందరికి చెప్పినం. సయీదా ఆపా నీకు పాలిస్తుంటే నాకు రైక తడిసేది. కొంగు కప్పుకున్న."

శ్రీజ తల్లి ముఖంలోకి, తర్వాత తల్లి కొంగు వైపు చూసింది, ఆ తడి ఇంకా అక్కడ ఉందేమోనన్నట్లు.

"గన్ని రోజులు నొప్పి లేవలేదా అమ్మా?"

అది కనకవ్వ ఎదురుచూసిన ప్రశ్న కాదు. ఎందుకిట్ల చేసినవ్ అని అడుగుతుందనుకున్నది. దానికి సంజాయిషీలు చాలా తయారుగా ఉన్నాయి.

"లేసింది" అన్నది. "రాయి లెక్క అయితుండె. జ్వరమొచ్చింది."

"ఎవలకన్న చెప్పుకున్నవా?"

"ఇప్పుడు నీకు చెప్తున్న."

శ్రీజ చెయ్యి చాపి తల్లి మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, కాసేపటికి వదిలింది. "నాకు చేతులు వణుకుతున్నయమ్మా" అన్నది. "నువ్వు పట్టియ్యి."

కనకవ్వ మూలనున్న కుళాయి దగ్గరికి పోయింది. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంది. గోళ్ల చివర్లు రుద్దుకుంది. వాసన చూసుకుంది. ఏళ్ల తంబాకు ఒక్క సబ్బుతో పోతుందా, అడుగున కొంచెం ఉండనే ఉంది. మళ్లీ రుద్దుకుంది. శుభ్రమైన గుడ్డతో తుడుచుకుని, భుజానికి సంచిలోని ఉతికిన తువ్వాల కప్పుకుని వచ్చి మంచం పక్కన నిలబడింది.

శ్రీజ మొన మీద ఒక్క చుక్క నిలిచి ఉంది. చిక్కగా, పసుపు కలిపినట్లు. ఆ రంగును కనకవ్వ ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఇత్తడి గిన్నెలో చూసిన రంగు. ఈసారి ఆమె కళ్లు ఎవరి ముఖం మీదా లేవు. ఆ చుక్క మీదే ఉన్నాయి. ఎంత బాగుందో అది. చెట్టు మీద నుంచి అప్పుడే దించిన దానిలా, ఎవరూ ఇంకా తాకని దానిలా ఉంది.

పసిది ఏడుపు మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తల పక్కకు తిప్పి, ముక్కును ఆ చుక్కకు ఎదురుగా తెచ్చి, వెతుక్కుంటూ నోరు తెరవబోయింది.

కనకవ్వ తల వెనక్కి చెయ్యి పోనివ్వలేదు. మెడ కిందికి, రెండు చిన్న భుజాల కిందికి అరచేతిని జరిపి, నోరు పెద్దగా తెరుచుకునేదాకా ఆగి, దగ్గరికి తెచ్చింది.